నాలుగు కాజాల బనీను

కింద కొట్టు, పైన కాపురం. మధ్యలో ఇరుకు మెట్లు. ఆ మెట్లు కట్టినవాడు మనుషుల్ని తలుచుకుని కట్టలేదు, మేకల్ని తలుచుకుని కట్టాడని మేస్త్రీ అంటుండేవాడు. నిలువుగా ఉంటాయి. ఒక పక్క గోడ, రెండో పక్క పట్టుకోవడానికి ఇనప గొట్టం. ఆ గొట్టం మీద రంగు పోయి, చేతులు పడేచోట అద్దంలా మెరుస్తూ ఉంటుంది.

మేస్త్రీ రాళ్ళు కోసే షెడ్డులో పని చేసినవాడు. రంపం కింద బండ తిరుగుతుంటే లేచే తెల్లటి పొడి ఆయన జుట్టులో, కనుబొమల్లో, అన్నం గిన్నెలో ఉండేది. లోపల కూడా ఉండిపోయిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పొడి సగం, సిగరెట్లు సగం అన్నాడు పెద్ద డాక్టరు. "పోనీలెండి, ఇద్దరూ సమానంగా పంచుకున్నారు," అన్నాడు మేస్త్రీ.

షెడ్డు మానేశాక ఆయన భార్య కుట్టు కొట్లో గుమ్మం పక్క కుర్చీ వేసుకుని బొత్తాలు కుట్టేవాడు, అంచులు మడిచేవాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. టైలరమ్మ మాటలు తక్కువ మనిషి. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని పని చేసే మనిషికి మాటలెలా వస్తాయి? ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేవాడు. ఆ మాటల కోసమే కొట్టుకి వచ్చేవాళ్ళున్నారు.

ఒక చలికాలం ఆయనకు జ్వరం వచ్చి ఛాతీలో దిగింది. జ్వరం పోయింది గానీ, ఆయాసం మంచం పట్టుకుని కూర్చుంది. అప్పటినుంచి మెట్లు దిగడం లేదు. దిగితే ఎక్కలేడు. ఎక్కలేనివాడు దిగి ఏం చేస్తాడు? పైన మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి గాలి వదులుతూ ఉండేవాడు. కింద మిషను ఆగినప్పుడల్లా టైలరమ్మకు ఆ గాలి చప్పుడు వినబడేది. గుమ్మం పక్క కుర్చీ మీద చుట్టలు చుట్టిన గుడ్డలు పెట్టింది. ఖాళీ కుర్చీ చూడలేక.

ఆమె పెద్ద కోరికలేమీ కోరలేదు. ఆయన తన కాళ్ళతో దిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. అంతే. ఇంకేమీ అడగనని లోలోపల ఎవరితోనో ఒప్పందం చేసుకుంది.

ఆసుపత్రిలో ఊపిరి కసరత్తులు చేయించే గది ఒకటుంది. అక్కడి పిల్లను అందరూ కరెంటమ్మ అనేవాళ్ళు. నవ్వు ముఖం, పొట్టి జడ. ఆమె దగ్గర అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఉండేది. దానికి తీగలు, తీగల చివర జిగురు బిళ్ళలు. సూదులు పొడిచి వైద్యం చేసేవాళ్ళు ఒంటిమీద గుర్తుపెట్టుకున్న చోట్లు కొన్ని ఉంటాయట. ఆ చోట్ల మీద సూది బదులు బిళ్ళ అంటించి, సన్నగా కరెంటు పంపుతారు. మెడ వంచితే పైకి తేలే ఎముక ఉంటుందే, దానికి అటూ ఇటూ రెండు బిళ్ళలు. కొంచెం కిందగా, వెన్నుకు ఇరువైపులా మరో రెండు.

కొలత ఎలాగో చూపిస్తుంటే టైలరమ్మ సంచిలోంచి టేపు తీసింది.

"టేపు వద్దు పిన్నీ. బాబాయ్ వేళ్ళతోనే కొలవాలి. సగం బొటనవేలి వెడల్పు ఇటు, సగం అటు. కిందవాటికి రెండు వేళ్ళ వెడల్పు. ఎవరి వేళ్ళు వాళ్ళ ఒంటికి సరిపోతాయి."

"వేళ్ళతో కొలిస్తే నా కొట్టుకి ఎవడైనా వస్తాడా తల్లీ?"

"నా వేళ్ళు అసలే లావు," అన్నాడు మేస్త్రీ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని. "నీ కరెంటు... పక్కింటికి పోతుందేమో చూసుకో అమ్మాయ్."

కరెంటమ్మ నవ్వింది గానీ చెప్పాల్సింది దాచకుండా చెప్పింది. చోటు తప్పితే బిళ్ళ పని చేయదు. ఇది రోగాన్ని పోగొట్టేది కాదు. పీల్చే మందు పీల్చాల్సిందే, నడవాల్సిందే. కొందరికి ఆయాసం కొంచెం తేలికపడుతుంది, కొందరికి పడదు. పోయిన ఊపిరితిత్తి మళ్ళీ మొలవదు. "ఆశ పెట్టుకోండి గానీ, గంపెడు పెట్టుకోకండి," అంది.

టైలరమ్మ గంపెడూ పెట్టుకుంది.

డబ్బా ఇంటికి తెచ్చుకున్నారు. పొద్దున్నే కొట్టు తెరవకముందు ఆయన్ని కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, ఆయన చేయి పట్టుకుని వెనక్కి తిప్పి, ఆయన బొటనవేలే ఆయన మెడ మీద పెట్టి కొలిచేది. బట్టల మీద గీసే సుద్దతో చుక్క పెట్టేది. చేయి వెనక్కి తిప్పితే ఆయనకు ఆయాసం వచ్చేది. ఆగేవాళ్ళు. మళ్ళీ మొదలు. ఒక్కోసారి చుక్క పెట్టేసరికి కింద తలుపు దబదబ బాదేవాళ్ళు.

"పోవే, ఎవరో వచ్చారు."

"రానీండి. గుడ్డలిచ్చి పోయేవాళ్ళే, ప్రాణాలిచ్చి పోయేవాళ్ళు కాదు."

బిళ్ళలు సరిగ్గా పడితే ఆయనకు తెలిసేది. "ఆఁ... అక్కడే. చీమలు వరసకట్టి భుజం దిగుతున్నాయి," అనేవాడు. కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందకి జారేవి. ఆ జారడం చూడటానికి ఆమె అక్కడే కూర్చునేది.

బిళ్ళల వల్లో, కసరత్తు వల్లో, ఎండలు రావడం వల్లో ఎవరు చెప్పొచ్చారు? మాటకీ మాటకీ మధ్య ఆగడం తగ్గింది. గది చుట్టూ నడిచాడు. తర్వాత మెట్ల తల దాకా. ఒక పొద్దున ఆమె మిషను తొక్కుతుంటే ఇనప గొట్టం మీద ఉంగరం తగిలిన చప్పుడు వినబడింది. తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతాడని భయం. చప్పుడు మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందకి వచ్చింది.

"ఈ గుడ్డలు తియ్యవే... నా సింహాసనం మీంచి."

ఎదురుగా సైకిలు షాపతను చక్రం చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ దిగాడోయ్! మేస్త్రీ, నువ్వు లేక ఈ వీధిలో అబద్ధాలు చెప్పేవాడే కరువైపోయాడు!"

"నువ్వున్నావు కదరా," అన్నాడు మేస్త్రీ.

ఆ మధ్యాహ్నం ఆయన్ని పైకి ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో మెట్టు మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. అయినా ఎక్కాడు. టైలరమ్మ ఆ రోజు ఎవరిదో జాకెట్టుకి రెండు చేతులూ ఒకవైపుకే కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

అలా కొన్నాళ్ళు దిగాడు, ఎక్కాడు. అంతలో బడులు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫారాల గుడ్డ కొట్టు నిండా పడింది. తినడానికి తీరిక లేదు. పొద్దున పూట ఆ కొలతలకు పోయే సమయం ఆమెకు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. గుచ్చుకుంటోందని తెలిసి తనమీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఒక ఆలోచన తట్టింది.

మెత్తటి తెల్ల గుడ్డతో ఆయనకు బనీను కుట్టింది. మెడ దగ్గర చిన్న కాలరు, ముందు బొత్తాలు, వెనక నాలుగు పెద్ద కాజాలు. ఆయన్ని నిటారుగా నిలబెట్టి, చుక్కలు పెట్టి, ఆ చుక్కల మీద సరిగ్గా కాజాలు వచ్చేలా కత్తిరించింది. అంచులు చేత్తో కుట్టింది. ఇక కొలవక్కర్లేదు. బనీను తొడిగి, కాజాలోంచి బిళ్ళ అంటిస్తే అయిపోయింది. ఎవరైనా చేయొచ్చు.

మేస్త్రీ చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. మధ్యాహ్నం పూట అన్నయ్యను చూసి పోతుంటుంది. నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. బనీను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏం వదినా, నా పెళ్ళికి కూడా ఇంత శ్రద్ధగా జాకెట్టు కుట్టలేదు నువ్వు. చంక కింద పట్టేసి ఊపిరాడక చచ్చాను."

"నువ్వు కొలత ఇచ్చాక ఒళ్ళు చేశావు. నా తప్పా?"

"అన్నయ్యా, విన్నావా? ఈవిడ కుట్టు ఎప్పుడూ తప్పు కాదు. మన ఒళ్ళే తప్పు."

ముగ్గురూ నవ్వారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం బిళ్ళలు పెట్టే పని చెల్లెలిది. టైలరమ్మ కింద మిషను మీద, పైన ఆయన వీపు మీద బనీను. ఆసుపత్రిలో కూడా చూపించాలనుకుంది. పని ఒత్తిడిలో రెండుసార్లు వెళ్ళలేకపోయారు. ఫోనులో కరెంటమ్మ అడిగితే, "రోజూ పెడుతున్నాం, తప్పడం లేదు," అని చెప్పింది. నిజమే చెప్పింది.

మేస్త్రీ దిగడం ఒక రోజు మానాడు. "ఉక్కగా ఉందే," అన్నాడు. తర్వాత రెండు రోజులు మానాడు. "మోకాలు," అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడం తేలిక. యూనిఫారాలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

ఆయన చిక్కిపోతున్నాడు. మాంసం పోయింది, భుజాలు ముందుకి వాలాయి, వీపు గూనిలా వంగింది. బనీను మెడ వెనక ముడత పడి లేచి నిలబడుతోంది. ముడత కనబడితే టైలరమ్మ చేయి ఊరుకోదు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న పరాయి ఆడవాళ్ళ భుజాల మీద ముడతలు కూడా సర్దే మనిషి. బనీను విప్పించి, భుజం కుట్టు విప్పి, రెండు వేళ్ళంత గుడ్డ పైకి లాగి మళ్ళీ కుట్టింది. ముడత పోయింది. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ లేచింది. మళ్ళీ లాగింది. పరాయివాడి చొక్కా అయితే ఆమెకు తెలుసు: భుజం పైకి లాగితే జేబు పైకి పోతుంది, జేబు విప్పి మళ్ళీ దించాలి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. ఈ బనీను విషయంలో మాత్రం ఆమె కంటికి ముడత కనబడింది, కాజాలు కనబడలేదు. చిక్కిపోయిన వీపుని చూడకూడదనుకున్న కన్ను కాజాల్ని మాత్రం ఏం చూస్తుంది?

బడులు తెరిచారు. కొట్లో గుడ్డ తగ్గింది. ఒక పొద్దున ఆయన మెట్ల తల దాకా వచ్చి, గొట్టం పట్టుకుని, ఒక మెట్టు దిగి, అక్కడే కూర్చుండిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. సైకిలు షాపతను, ఇంకో ఇద్దరు కలిసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మెట్ల మీంచి దింపారు. మలుపు దగ్గర కుర్చీ కాలు గోడకు గీసుకుంది. "నెమ్మది రా... గోడ కాదు, కుర్చీ జాగ్రత్త," అన్నాడు మేస్త్రీ, ఆయాసపడుతూనే. ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రిలో మందు పట్టించి, మధ్యాహ్నానికి కాస్త కుదుటపడ్డాక కరెంటమ్మ వచ్చింది. టైలరమ్మ సంచిలోంచి బనీను తీసి చూపించింది. అంత దిగుల్లోనూ ఆ చూపించడంలో కొంచెం గర్వం ఉంది.

"భలే కుట్టారు పిన్నీ! తొడగండి, చూద్దాం."

ఆయన మంచం అంచున ఎప్పటిలాగే మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు. బనీను తొడిగారు. కరెంటమ్మ కాజాల్లో వేలు పెట్టి చూసింది. మెడ ఎముక తడిమింది. ఆయన బొటనవేలు తీసుకుని కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఆమె ఏమీ అనకపోవడం టైలరమ్మకు వినబడింది.

దగ్గరికి వెళ్ళి తను చూసింది. పై కాజాలు రెండూ మెడ మీదకి, జుట్టు మొదలయ్యేచోటికి పాకిపోయి ఉన్నాయి. కింద ఉండాల్సినవి ఎక్కడా కాని చోట ఉన్నాయి. బిళ్ళల జిగురు మరకలు కూడా ఆ చోటే ఉన్నాయి, గుండ్రంగా, ఎర్రగా, రోజూ ఒకేచోట.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడగబోయి నోరు మూసుకుంది. ఎన్నాళ్ళనుంచో తనకే తెలుసు.

"నేనే చంపుకున్నాను," అంది.

"అలా అనకండి పిన్నీ."

"చోటు తప్పితే పని చేయదని నువ్వే కదమ్మా చెప్పావు?"

కరెంటమ్మ బల్ల మీద కూర్చుంది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు చేతకాదు. "చోటు తప్పింది, నిజమే. సరిగ్గా పెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదని మాత్రం చెప్పలేను. జబ్బు ముదిరింది. దేని వల్ల ఎంత అని ఎవరూ చెప్పలేరు. నేను ఒకసారి ఇంటికి రావాల్సింది. ఫోనులో అడిగి ఊరుకున్నాను." ఆ పిల్ల కళ్ళు దించుకుంది. "మళ్ళీ వేళ్ళతో పెడదాం. నిద్ర, తిండి కొంచెం బాగుపడొచ్చు. మెట్ల మాట మాత్రం... ఇక మెట్లు వద్దు పిన్నీ."

ఆయన్ని ఇంటికి తెచ్చి, కుర్చీలోనే పైకి ఎక్కించారు. అందరూ వెళ్ళిపోయాక టైలరమ్మ కత్తెర తీసుకుని బనీను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కత్తిరించలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది.

"మీకు తెలీలేదా?" అని అడిగింది ఆయన్ని. "చీమలు దిగడం లేదని తెలీలేదా?"

మేస్త్రీ కిటికీ వైపు చూశాడు.

"తెలిసింది."

"మరి చెప్పరేం? నోరు లేదా మీకు? ఊరందరికీ చెప్పడానికి ఉన్న నోరు నాకు చెప్పడానికి లేదా?"

ఆయన మాటలు కూడగట్టుకున్నాడు. ఇప్పుడు ఒక్కో మాటకీ ఒక ఊపిరి కావాలి. "నువ్వు కింద... మిషను తొక్కుతున్నావు. ఆగకుండా. పొద్దున్నే... నా వీపు పట్టుకుని కూర్చునేదానివి... తలుపు బాదుతుంటే... నీ కాలు ఊగేది. నేను చూడలేదనుకున్నావా?"

"ఊగితే ఊగింది! కాలిది ఏముందండీ?"

"బనీను కుట్టాక... ఊగడం లేదు కదా అనుకున్నాను. ఈ వయసులో... నాలుగు చీమల కోసం... నిన్ను మళ్ళీ కూర్చోబెట్టడం ఎందుకని." ఊపిరి తీసుకున్నాడు. "అదీ కాక... ఎంత బాగా కుట్టావే అది."

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేదనిపించింది. లేచి వెళ్ళి ఆయన వెనక కూర్చుంది. ఆయన చేయి పట్టుకుంది గానీ వెనక్కి తిప్పలేదు. ఆయనకిక ఆ ఓపిక లేదు. ఆయన బొటనవేలి వెడల్పు దారం ముక్కతో కొలిచి, ఆ దారం సగానికి మడిచి మెడ మీద పెట్టింది. బిళ్ళలు అంటించి డబ్బా మీట తిప్పింది.

"వచ్చాయా?"

"వచ్చాయి," అన్నాడు.

నిజంగా వచ్చాయో, ఆమె కోసం అన్నాడో ఆమెకు తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదని కూడా అర్థమైంది. ఇంతకుముందు ఆయన మాట నమ్మేది. ఇప్పుడు ఆయన భుజాలు చూస్తూ కూర్చుంది. అవి జారాయి. కొంచెం. లేక చూడాలనుకుంది గనక చూసిందో.

ఆ రోజుల్లో ఆయన ముద్ద ముద్దకీ ఆగకుండా సగం అన్నం తినగలిగాడు. వెల్లకిలా కాకపోయినా, దిండ్ల మీద ఒరిగి కళ్ళు మూసుకోగలిగాడు. అంతకు మించి ఏమీ కాలేదు. కాదని అందరికీ తెలుసు.

వారం తిరగకముందే టైలరమ్మ సైకిలు షాపతన్ని పిలిచి, మిషను పైకి ఎక్కించాలంది.

"అమ్మా, మతి ఉందా? పాత ఇనప మిషను. ఆ మెట్ల మీదనా? అయినా పైకి ఎవరొస్తారు గుడ్డలివ్వడానికి?"

"రాకపోతే మానేస్తారు."

"నీ గిరాకీ అంతా కొత్త టైలరు దగ్గరికి పోతుంది."

"పోనీ."

పైన మేస్త్రీ కూడా కేకలేశాడు, కేకలంత గాలి లేకపోయినా. "నీకేమైనా పిచ్చా? కొట్టు కట్టేసుకుంటావా... నా కోసం?"

"మీ కోసం కాదు," అంది. "కింద ఒక్కదానికి తోచడం లేదు. ఎవరూ మాట్లాడరు."

నలుగురు పట్టి మిషను ఎక్కించారు. మంచానికి ఎదురుగా, కిటికీ వెలుగు పడేచోట పెట్టారు. గదిలో నడవడానికి చోటు లేకుండా పోయింది. గిరాకీ సైకిలు షాపతను చెప్పినట్టే తగ్గింది. సగానికి సగం. వచ్చేవాళ్ళు వస్తున్నారు. గుడ్డ సంచి పట్టుకుని, గొట్టం పట్టుకుని, మధ్యలో ఆగి తిట్టుకుంటూ, రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. వెంటనే మాట రాదు వాళ్ళకి. ఒక చేత్తో తలుపు పట్టుకుని ఇంకో చేయి గుండె మీద వేసుకుంటారు.

మంచం మీంచి మేస్త్రీ చూస్తాడు. చేత్తో స్టూలు చూపిస్తాడు. ఆ చేయి ఎత్తడానికే ఆయనకు సగం ప్రాణం పోతుంది.

"కూర్చోండి," అంటాడు. "తొందరేం లేదు... ముందు ఊపిరి తీసుకోండి."

టైలరమ్మ నోట్లో గుండుసూదులుంటాయి. తల ఎత్తదు. వచ్చినవాళ్ళ రొప్పు తగ్గిపోయి మాటలు మొదలవుతాయి. ఆయన రొప్పు అలాగే ఉంటుంది. ఆమె పెడలు మీద కాలు పెట్టి, తొక్కకుండా, ఆయన తర్వాతి మాట కోసం ఆగుతుంది.